నీరంటని ముఖం

నేను ఒక ప్లేటును. ఆ మాట చెవిన పడగానే మీలో సగం మందికి ఇడ్లీ, చట్నీ గుర్తొచ్చి ఉంటాయి. తప్పు మీది కాదు. ఒక్క పేరు పెట్టి పది పనులకు వాడుకోవడం మనుషులకు మొదటినుంచీ అలవాటే. హోటలువాడికి ప్లేటంటే తిండి పెట్టేది. పాతకాలం వాళ్ళకు ప్లేటంటే గ్రామఫోను మీద తిరిగే పాట. అచ్చాఫీసులో ప్లేటంటే అక్షరాలు మోసే అల్యూమినియం రేకు. రేడియోలు చేసేవాడికి ప్లేటంటే సెట్టు లోపల ఒకదాని సందులోకి ఒకటి దూరే పలచని రెక్క. మాట మార్చినవాణ్ణి ప్లేటు ఫిరాయించాడంటారు గానీ, నేను నా అంతట ఎన్నడూ ఫిరాయించలేదు. మనుషులే నన్ను అటూ ఇటూ ఫిరాయించారు. అచ్చాఫీసులో పుట్టి, రేడియోలో బతికి, చివరికి చేపల కత్తిపీట పక్కకు చేరాను.

ఇది నా కథ అని మొదలుపెట్టాను గానీ, రేకుకు సొంత కథ ఏముంటుంది? నా ఒంటి మీద ముద్రపడ్డ మనిషి కథ ఇది. అతని కోసం ఎదురుచూసిన ఇద్దరి కథ.

నన్ను తయారుచేసిన కార్ఖానా ఎక్కడుందో నాకు తెలియదు. కళ్ళు తెరిచింది మాత్రం భీమిలి బజారులో, ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో. యజమానీ, మెషిన్‌మేనూ, బైండరూ అంతా ఒక్కడే. పేరు కామరాజు. మనిషి సన్నం, మాట నిదానం, చొక్కాకు ఉన్న గుండీలకంటే సిరా మరకలు ఎక్కువ. నాకంటే ముందు కట్టలోంచి తీసిన ప్లేట్లు అదృష్టం పెట్టి పుట్టాయి. ఒకదానికి పెళ్ళి శుభలేఖ దక్కింది, ఒకదానికి కొత్త బట్టలకొట్టు కరపత్రం దక్కింది. నా వంతు వచ్చేసరికి గుమ్మంలో ఒక ముసలాయన, ఒక పడుచు నిలబడి ఉన్నారు.

ముసలాయన పేరు మైలపల్లి ఎల్లాజీ. భీమిలి పక్కన జాలారిపేట ఆయనది. ఆ పడుచు ఆయన కోడలు బంగారి. ఎల్లాజీ కొడుకు దానయ్య తెప్ప మీద వేటకు వెళ్ళాడు. తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది గానీ మనిషి రాలేదు. పేటవాళ్ళు నావలేసుకుని వెతికారు. రేవులన్నీ అడిగారు. చివరికి ఎవరో అచ్చు వేయించమన్నారు. దానయ్యకు వేరే ఫోటో లేకపోవడంతో బంగారి పెళ్ళి ఫోటో చెంగులో కట్టుకుని తెచ్చింది.

కామరాజు ఆ ఫోటోలోంచి పెళ్ళికొడుకును మాత్రం తీసుకుని పెళ్ళికూతుర్ని కత్తిరించాడు. కానీ ఫోటోగ్రాఫరు చెప్పాడని కాబోలు, పెళ్ళికూతురు మొగుడి భుజం మీద చెయ్యి వేసి ఉంది. ఆ చెయ్యి తియ్యాలంటే భుజం పోతుంది. భుజం పోతే మనిషి అవిటివాడిలా కనిపిస్తాడు. అందుకని కామరాజు వేళ్ళను అలాగే ఉంచేశాడు. దానయ్య ముఖం, దాని పైన పెద్దక్షరాల్లో 'కనబడుటలేదు', అతని భుజం మీద ఎవరివో తెలియని నాలుగు వేళ్ళు. అంతా కలిసి నా మీదకు వచ్చింది. అలా ఇంటి దగ్గర నిలబడి ఉన్న బంగారి కూడా, కొంత మేరకు, ఆ కనబడనివాళ్ళ లెక్కలో చేరిపోయింది.

ముద్ర ఎలా పడుతుందో చెబుతాను, తరవాత కథకు అదే మూలం. నా ఒంటికి ఒక పూత ఉంటుంది. మీద బొమ్మ ఉన్న ఫిల్ము పరిచి గట్టి వెలుతురు కొడతారు. వెలుతురు తగిలిన చోట పూత కడుక్కుపోతుంది. తగలని చోట నీలంగా నిలుస్తుంది. ఆ నిలిచిందే ముఖం, అదే అక్షరం. తరవాత మెషినెక్కించి నన్ను తిప్పుతూ ముందు నీళ్ళు రాస్తారు, ఆపైన సిరా. ఖాళీ చోట నీళ్ళు పట్టుకుంటాయి, అక్కడ సిరా అంటదు. బొమ్మ ఉన్న చోట నీళ్ళు నిలవవు, సిరా అంటుకుంటుంది. ఆఫ్‌సెట్ మర్మమంతా ఇంతే. అచ్చాఫీసుల్లో పుట్టి పెరిగినవాళ్ళు దీన్ని వింతగా కూడా అనుకోరు.

ఎల్లాజీ మెషిను పక్కనే నిలబడి చూస్తున్నాడు. నీళ్ళ రోలరు నా మీద నుంచి దొర్లిపోయినప్పుడల్లా ఖాళీ జాగా తడిసి మెరుస్తోంది, కొడుకు ముఖం మాత్రం పొడిగా ఉంటోంది. ఆయన వంగి చూశాడు, మళ్ళీ చూశాడు.

"మడిసి ఉన్నకాడ నీరు అంటదా బాబూ?" అన్నాడు.

"అంటదు తాతా. ఆ ముఖం మీద నీరు నిలవదు. దీని పనే అంత," అన్నాడు కామరాజు, ధ్యాస మెషిను మీద పెట్టి.

ఎల్లాజీ కోడలి వైపు తిరిగాడు. "ఇన్నావేటే బంగారీ. ఆడికి నీరు అంటదంట."

కామరాజు తన పనిలో కిటుకు చెప్పాడు. ఎల్లాజీకి అది దేవుడి నోటినుంచి వచ్చిన మాటలా వినబడింది. జీవితమంతా నీటి మీద బతికినవాడు కదా, నీరు అంటని మనిషి మునగడని ఆ క్షణాన నమ్మేశాడు. బంగారి విన్నానని తల ఊపింది.

కాగితాలు ఊరూరా అంటించారు. మొదట్లో జనం ఆగి చదివారు, అయ్యో అన్నారు, ఆ వేళ్ళు ఎవరివి చెప్మా అని ఆరా తీశారు. తరవాత దానయ్య నుదుటి మీద సినిమా పోస్టరు పడింది. మిగిలినవాటిని మేకలు తిన్నాయి, వాన తడిపింది. మనుషుల జాలి ఎంతకాలం ఉంటుందో గోడలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

కాగితం పోయినా నేను పోలేదు. పనైపోయిన ప్లేట్లను కామరాజు పాతసామానువాడికి తూకానికి ఇచ్చేసేవాడు. రేకు మంచిది కనుక కొట్టాల మీద కప్పుకు, పెట్టెల అడుగుకు జనం కొనుక్కుపోతారు. అయితే అతనికో పట్టింపు ఉంది. 'కనబడుటలేదు' ప్లేట్లను మాత్రం అమ్మడు. మనిషి దొరికాడని కబురు వస్తేనే ఆ ప్లేటు తూకానికి పోతుంది. దొరకనంతకాలం తలుపు వెనక నిలబడుతుంది. ఎందుకలా అని ఒకసారి బట్టలకొట్టు యజమాని అడిగితే, మనుషుల్ని తూకానికి ఎలా వేస్తానండీ అన్నాడట.

ఆ తలుపు వెనక చోటు మీరు చూడలేదు, చూడకపోవడమే మంచిది. అక్కడ నాకంటే ముందు వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని ఉన్నారు. తిరునాళ్ళలో తప్పిపోయిన పాప ఉంది. మతి స్థిమితం లేని పెద్దమనిషి ఉన్నాడు. చదువుకోవడానికి వెళ్ళి తిరిగిరాని ఒక కుర్రవాడు ఉన్నాడు. అందరివీ నీలం ముఖాలు, ఒకరి వెనక ఒకరు. ప్రెస్సు తలుపు తెరిచినప్పుడల్లా మా మీద గాలి కొట్టేది, రేకులన్నీ ఒక్కసారి సన్నగా మోగేవి. అప్పుడు కామరాజు తలెత్తి గుమ్మం వైపు చూసేవాడు. ఎవరో బేరగాడు నిలబడి ఉండేవాడు. కామరాజు మళ్ళీ తల దించుకునేవాడు. ఆ చోట నాకు భయం వేసేది. రేకుకు భయమేమిటని నవ్వకండి, ముఖం మోస్తున్న రేకును నేను.

ఇక ఎల్లాజీ సంగతి చెప్పాలి. ఆయన వయసులో ఉండగా పెద్ద బోట్ల మీద వైర్‌లెస్ సెట్టు దగ్గర పనిచేశాడు. ఆ విద్యతో ఇంటి వసారాలో సొంతంగా ఒక సెట్టు కట్టుకున్నాడు. మైకులో మాట్లాడితే ఆ మాట తాటిచెట్టుకు కట్టిన తీగ ఎక్కి, వేటకు వెళ్ళిన నావల్లో ట్రాన్సిస్టర్లకు చేరేది. పొద్దెక్కాక రోజూ మాట్లాడేవాడు. గాలి ఎటు తిరిగింది, రేవులో కవళ్ళ చేపలు ఏ ధర పలుకుతున్నాయి, ఎవరింట్లో ఆడపిల్ల పుట్టింది, ఒడ్డున కెరటం ఎక్కడ మెత్తగా ఉంది. సర్కారువారి అనుమతి ఉందా అంటే లేదు. కానీ అడగవలసిన కానిస్టేబులు బావమరిదే నావలో కూర్చుని వింటాడు కనుక ఎవరూ అడగలేదు. పేటలో ఆయన్ని రేడియో తాత అనేవారు.

ఆ సెట్టుకు సముద్రపు ఉప్పుగాలి పడలేదు. తిప్పుడు మీట వెనక ఉండే ప్లేట్లు, ఇందాక చెప్పిన పలచని రెక్కలు, తుప్పూ చిలుమూ పట్టి ఊడిపోవడం మొదలుపెట్టాయి. ఎల్లాజీ కొత్త రెక్కలు కత్తిరించుకోవడానికి మంచి రేకు కోసం కామరాజు దగ్గరకు వచ్చాడు. కామరాజు శుభలేఖల ప్లేట్లు చూపించాడు. ముసలాయన వాటిని చూడనైనా లేదు, తలుపు వెనకకు వెళ్ళి నన్ను తీశాడు.

"దొరికాడా తాతా?" అన్నాడు కామరాజు.

"దొరకలేదు బాబూ. అందికే దీన్ని అట్టుకెల్తన్నాను."

కామరాజు అడ్డు చెప్పలేదు. పాత గుడ్డతో నన్ను తుడిచి ఇచ్చాడు. వెనక నిలబడ్డ పాప, పెద్దమనిషి, కుర్రవాడు అక్కడే ఉండిపోయారు.

వసారాలో ఎల్లాజీ నన్ను కత్తెరతో అర్ధచంద్రాల్లా కత్తిరించాడు. గీత తప్పలేదు. దానయ్య ఒక కన్ను ఒక రెక్క మీదకు వచ్చింది, రెండో కన్ను ఇంకో రెక్క మీదకు. నోరు ఒక దాని మీద, చెవి ఒక దాని మీద. 'కనబడుటలేదు' అన్న అక్షరాలు చెదిరి తలో దిక్కుకూ పోయాయి. నాలుగు వేళ్ళున్న చోటు మాత్రం చెక్కుచెదరకుండా ఒకే రెక్కలో పడింది, అది అన్నిటికంటే పైన అమరింది. సగం రెక్కలు కదలవు, సగం మీటతో పాటు తిరుగుతాయి. తిరిగేవి కదలనివాటి సందుల్లోకి దూరాలి గానీ వాటిని తాకకూడదు. తాకితే సెట్టు చచ్చిపోతుంది. ఎల్లాజీ మీట తిప్పినప్పుడల్లా విడిపోయిన ముఖం ఒకచోటికి చేరేది, మళ్ళీ విడిపోయేది. కళ్ళు రెండూ దగ్గరకు వచ్చేవి గానీ ఎన్నడూ కలిసేవి కావు.

అంతకుముందు గాలీ ధరా చెప్పి ఊరుకునే ముసలాయన, నేను సెట్టులోకి వచ్చినప్పటినుంచీ చివర ఇంకో మాట చేర్చాడు. గొంతు తగ్గించి, మైకుకు దగ్గరగా జరిగి పిలిచేవాడు.

"ఒరే దానయ్యా, పొద్దెక్కిపోనాదిరా. నీ పెళ్ళాం కూడు పెట్టుకోని కూసున్నాది. రారా."

తను పంపిన మాట సరిగ్గా వెళుతోందో లేదో వినడానికి పక్కన ఒక ట్రాన్సిస్టరు పెట్టుకునేవాడు. పిలిచాక దానికి చెవి ఒగ్గి మీటను కొద్దికొద్దిగా కదిపేవాడు. అలా ఒకనాడు, పట్టపగలు, ఇంటి ముందు వలలు ఆరుతూ ఉండగా, ట్రాన్సిస్టరులోంచి గరగరమంటూ ఒక శబ్దం వచ్చింది. సాగదీసిన పిలుపులా ఉంది అది. ఓయ్, అన్నట్టు. దానయ్య వేట నుంచి వస్తూ కెరటం దాటగానే అలాగే కేక వేసేవాడట. పొయ్యి దగ్గరున్న బంగారి చేతిలో గరిటె ఆగిపోయింది. తలెత్తి చూసింది. ముసలాయన ఆమెను చూశాడు. ఆమె మళ్ళీ గరిటె తిప్పింది.

అదేమిటో నాకు తెలుసు. నా రెక్కల మధ్య ఉప్పు పేరుకుంది. చెమ్మకు ఆ ఉప్పు సన్నగా చిటపటలాడితే అది గాలిలోకి వెళ్ళి గొంతులా తిరిగి వచ్చింది. అంతే. కానీ శబ్దం వచ్చింది నోరున్న రెక్క దగ్గరనుంచి. తెలిసి కూడా నాకు ఒళ్ళు జలదరించింది.

నావల్లోవాళ్ళకు ఈ పిలుపు నచ్చలేదు. సముద్రం మీద పోయినవాణ్ణి సముద్రం మీదే పేరు పెట్టి పిలవకూడదని వాళ్ళ పట్టుదల. పిలిస్తే వస్తాడు, ఒంటరిగా రాడు అంటారు. తాత ధరలు చెప్పడం అవగానే చాలామంది ట్రాన్సిస్టరు కట్టేసేవారు. ఏ నావ వెనకో ఎవరో ఈదుతున్నట్టు ఉందని ఒకరన్నారు. వల బరువుగా తగిలితే లాగడానికి భయంగా ఉందని ఇంకొకరన్నారు. తాత ముఖం మీద చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరిదాకా వినేవాడు ఒక్కడే, గరికిన తాతారావు.

తాతారావు దానయ్య ఈడువాడు. పెళ్ళయిన ఏడాదికే భార్య పోయింది, అప్పటినుంచీ ఒంటరి. చివరిదాకా ఎందుకు వింటాడో పేటంతటికీ తెలుసు. ఆ పిలుపులో బంగారి మాట వస్తుంది కనుక. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. తాతారావు దొంగచాటు మనిషి కాదు, పెద్దల ద్వారానే అడిగించాడు. పెద్దలు వసారాలో కూర్చుని ఎల్లాజీకి నెమ్మదిగా చెప్పారు. శవం దొరకకపోతే గడ్డితో మనిషిని కట్టి దినం చేసే పద్ధతి మనకు ఉన్నదే. దినం అయితే పిల్లకు దారి దొరుకుతుంది. అటు ముండమోపీ కాక, ఇటు ముత్తైదువా కాక ఎన్నాళ్ళుంటుంది? పేరంటానికి పిలవాలో మానాలో తెలియక ఆడవాళ్ళు ఆ గుమ్మం ముందు తచ్చాడుతున్నారు.

ఎల్లాజీ కోడలి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయన అటు తిరిగి, మా వాడు కనబడలేదంతే, పోలేదు అన్నాడు. పెద్దలు తువ్వాళ్ళు దులుపుకుని లేచారు.

అప్పుడు నాకు ముసలాయన మీద కోపం వచ్చింది. ఒక్క అచ్చాఫీసు మాట పట్టుకుని ఒక ఆడదాని బతుకు ఆపేశాడు కదా అనుకున్నాను. మనుషుల్ని చదవడం అక్షరాలు చదివినంత తేలిక కాదని నాకు ఇంకా తెలియదు.

సెట్టు శుభ్రం చేసే పని బంగారిది. కోడి ఈకను కిరసనాయిల్లో ముంచి రెక్కల సందుల్లో ఉప్పు తుడిచేది. ఆ ఈక నాకు బాగా ఎరుక. ముందు చెవిని తుడిచేది, తరవాత ఒక కన్నును, ఇంకో కన్నును. తన వేళ్ళున్న రెక్కను తుడిచేటప్పుడు ఒక్క క్షణం తన చేతిని దాని పక్కన పెట్టి చూసుకునేది. మొదట్లో అన్నీ తుడిచేది. తుడిచిన రోజు ట్రాన్సిస్టరు మాట్లాడకుండా ఉండేది, పిలిచాక ఎంతసేపు చెవి ఒగ్గినా ఏమీ వచ్చేది కాదు. ఆ రోజు ముసలాయన సరిగా తినేవాడు కాదు. తుడవని రోజు ఓయ్ వినబడేది. ఆమెకు సంగతి అర్థమైపోయింది. అప్పటినుంచీ నోరున్న రెక్కను తుడవడం మానేసింది. ఈక దాని దాకా వచ్చి, దాన్ని దాటి వెళ్ళిపోయేది. ముసలాయన కోసం తన చేతులతోనే మొగుడి గొంతును కాపాడింది. తనను కట్టేసిన తాడును తనే నూనె రాసి పదిలంగా ఉంచుకుంది. నేను ఎవరికి చెప్పను?

ఉప్పు ఒకచోట ఉండమంటే ఉండేది కాదు. నోటి మీద మొదలై పక్క రెక్కలకు పాకింది. పిలిచాక వచ్చే గరగర, పిలవకముందే రావడం మొదలైంది. ధర చెప్పేటప్పుడు వచ్చేది, గాలి సంగతి చెప్పేటప్పుడు వచ్చేది. నావలవాళ్ళు మాట సరిగా వినబడటం లేదన్నారు. ఎల్లాజీ విన్నాడు, బాగుచేస్తానన్నాడు, చెయ్యలేదు.

ఒకరోజు పొద్దెక్కేసరికి తీరంలో ప్రమాదపు జెండా ఎత్తారు. గాలి తిరిగింది. ఎల్లాజీ మైకు దగ్గర కూర్చుని, అందరూ ఒడ్డుకు వచ్చెయ్యండి, మునిసిపాలిటీ రేవు వైపు రావద్దు, అక్కడ కెరటం లేస్తోంది అని గొంతు పోయేలా చెప్పాడు. పక్కనున్న ట్రాన్సిస్టరులో ఆయన మాట లేదు. ఉన్నదంతా గరగర, మధ్యలో ఓయ్, మళ్ళీ గరగర. బంగారి పొయ్యి దగ్గరనుంచి పరుగున వచ్చింది. ఈక కోసం వెతికింది, కిరసనాయిలు సీసా చేతిలోంచి జారింది. చీర కొంగుతోనే నన్ను తుడవబోయింది. తడి కొంగు తగిలి రెక్కలు ఒకదానికొకటి అంటుకున్నాయి, సెట్టు ఆగిపోయింది.

నావలు చాలావరకు ఆకాశం చూసుకుని తిరిగొచ్చాయి. పాతకాలం విద్య ఇంకా వాళ్ళ కళ్ళలో ఉంది. చివరిదాకా ట్రాన్సిస్టరుకు చెవి ఒగ్గి, తాత ఏదో చెబుతున్నాడు, అది విని కదులుదామని ఆగినవాడు తాతారావు ఒక్కడే. అతను మునిసిపాలిటీ రేవు వైపే వచ్చాడు. కెరటం నావను ఎత్తి కొట్టింది. పేటంతా ఒడ్డున నిలబడి చూస్తూండగా నావ పలక పట్టుకుని కొట్టుకుంటూ వచ్చి పడ్డాడు. భుజం విరిగింది, ప్రాణం నిలిచింది. ఎవరో వసారా ముందు నుంచి పరుగెత్తుతూ, తాతారావు దక్కినాడు అని అరిచారు. బంగారి సెట్టు ముందే కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం ఆ ఇంట్లో నేను అదే మొదటిసారి చూశాను.

ఏడుపు ఆగాక కళ్ళు తుడుచుకుని మామ ఎదురుగా కూర్చుంది.

"మావా, అది ఆడు కాదు. ఉప్పు. నాను తుడిసిన్రోజు పలకడు, తుడవని రోజు పలుకుతాడు. నీ కోసరమని ఆ రెక్కొక్కటీ వొదిలీసేదాన్ని. ఇయ్యాల కొంచెంలో తాతారావు సచ్చిపోదుడు."

ఎల్లాజీ నా వైపే చూశాడు. కోప్పడతాడేమో, నన్ను పీకి విసిరేస్తాడేమో అనుకున్నాను.

"ఉప్పని నాకు ఎరికేనే," అన్నాడు. "ఇరవయ్యేళ్ళు వైర్‌లెస్సు కాడ కూసున్నోణ్ణి, ఉప్పు సప్పుడు తెల్దా? అది పలికినప్పుడల్లా నువ్వు తలెత్తి సూసేదానివి. నీకు ఆ మాత్రమైనా ఉండనీ అని ఊరుకున్నాను."

పెద్దలు వచ్చిన రోజు నువ్వు తల దించుకుంటే మనువు ఒద్దంటున్నావనుకున్నాను అని కూడా ఆయన చెప్పాడు. నువ్వు ఆశ వదులుకోలేవనుకుని దించుకున్నాను అని ఆమె చెప్పింది. ఒకరి కోసం ఒకరు ఒక దయ్యాన్ని పెంచి పోషించారు. దానికి రోజూ కూడు పెట్టారు. ఆ ఇంట్లో నిజంగా దయ్యం ఉందని నమ్మినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

మర్నాడు బంగారి ఈకతో నన్ను శుభ్రంగా తుడిచింది. ఈసారి నోటిని దాటి వెళ్ళలేదు. నోటి మీదే ఎక్కువసేపు ఆగింది. అంటుకున్న రెక్కల్ని ఎల్లాజీ వేలిగోటితో విడదీసి సరిచేశాడు. పొద్దెక్కాక మైకు ముందు కూర్చుని గాలి ఎటు ఉందో చెప్పాడు, కవళ్ళ ధర చెప్పాడు, తాతారావుకు కట్టు కట్టారని చెప్పాడు. మాట గాజులా స్పష్టంగా వెళ్ళింది. అక్కడిదాకా రాగానే నావల్లోవాళ్ళు ట్రాన్సిస్టరు కట్టేస్తారని ఆయనకు తెలుసో తెలియదో. మైకుకు దగ్గరగా జరిగాడు.

"ఒరే దానయ్యా. కూడు మేం తినీసినాంరా. నీకని ఉంచలేదు. నువ్వింక తొంగో నాయినా."

ఆపైన అలవాటుగా చెవి ఒగ్గాడు. మీట తిప్పలేదు. ట్రాన్సిస్టరులో ఏమీ లేదు. పొయ్యి దగ్గర బంగారి తలెత్తలేదు, గంజి వారుస్తూనే ఉంది, కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

దినం పెట్టారు. ఎండుగడ్డితో మనిషిని కట్టారు. ముఖం దగ్గర ఏం పెట్టాలన్నది వచ్చేసరికి ఎల్లాజీ సెట్టు విప్పి నా రెక్కలన్నీ తీశాడు. వలదారంతో ఒకదాని పక్కన ఒకటి కట్టి గడ్డిబొమ్మకు అమర్చాడు. ఎన్నాళ్ళకో కన్ను పక్కకు కన్ను వచ్చింది, వాటి కింద నోరు వచ్చింది. అతుకుల గీతలున్నా అది దానయ్యే. ఆడవాళ్ళు అప్పుడు ఏడ్చారు. ఎవరైనా చచ్చిపోయారంటే ముఖం చూసి ఏడవాలి, ఇన్నాళ్ళూ వాళ్ళకు ఆ ముఖం దొరకలేదు. వేళ్ళున్న రెక్కను కూడా కట్టబోతుంటే బంగారి చెయ్యి చాపి అందుకుంది.

"ఇది నాది మావా," అంది.

ఎల్లాజీ ఇచ్చేశాడు. బొమ్మను నావలో కెరటం అవతలకు తీసుకెళ్ళి వదిలారు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, గడ్డి తడిసి మునిగే ముందు ముఖం మీద నుంచి నీళ్ళు జారిపోయాయని చెప్పుకున్నారు. జారే ఉంటాయి. మా పద్ధతే అంత. నాలో ఎక్కువ భాగం అలా సముద్రంలోకి పోయింది. మీకు ఈ కథ చెబుతున్నది మిగిలిన ఒక్క రెక్క.

కొత్త రెక్కలకు కొలత కావాలని కొన్నాళ్ళకు ఎల్లాజీ బంగారిని అడిగి నన్ను కామరాజు దగ్గరకు తీసుకెళ్ళాడు. కామరాజు శుభలేఖ ప్లేటు ఒకటి ముందు పెట్టి, నన్ను చేతిలోకి తీసుకుని, ఆ నాలుగు వేళ్ళను చూసి గుర్తుపట్టాడు. ఎప్పటిలాగే అడిగాడు.

"దొరికాడా తాతా?"

ముసలాయన గుమ్మం అవతలకు చూశాడు. "ఆ, దొరికినాడు బాబూ," అన్నాడు.

కామరాజు తలుపు ఆయనకోసం తెరిచి పట్టుకున్నాడు. వెనక నిలబడ్డ నీలం ముఖాలు గాలికి ఒక్కసారి మోగాయి. పాప ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడు నేను తాతారావు ఇంటి పెరట్లో ఉంటాను. బంగారి ఇప్పుడు ఆ ఇంటి మనిషి. నా గుండ్రటి అంచు చేపల పొలుసు గీకడానికి బాగా పనికొస్తుందని ఆమె కనిపెట్టింది. ప్లేటుకు ఈ అర్థం ఏ అచ్చాఫీసువాడూ ఏ రేడియోవాడూ ఊహించి ఉండడు. పని అయ్యాక నన్ను నీళ్ళతో కడుగుతుంది. రేకంతా తడుస్తుంది, ఆ నాలుగు వేళ్ళ మీద మాత్రం చుక్క నిలవదు.

పక్కన తాతారావు ట్రాన్సిస్టరు మోగుతూ ఉంటుంది. ఎల్లాజీ గాలి చెబుతాడు, ధర చెబుతాడు, చివర ఎవరి పేరూ చెప్పకుండా, అందరూ ఇంటికి వచ్చెయ్యండిరా అంటాడు. సెట్టులో ఉన్నది నేను కాదు, ఎవరి పెళ్ళి శుభలేఖో. అయినా ఉప్పుగాలి మారలేదు కదా. ఎప్పుడైనా తుడవడం ఆలస్యమైన రోజున, ఆయన మాట అయిపోయాక, గరగరమని ఓయ్ అన్నట్టు ఒకటి వస్తుంది. అప్పుడు నా మీద బంగారి వేళ్ళు ఆగిపోతాయి. అది ఉప్పని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం కాసేపు వింటాం. ఆ తరవాత ఆమె చేపను తిప్పి రెండో వైపు పొలుసు గీకుతుంది.